ప్రీతియు వేతనమును

కూలి పుచ్చుకొని చేసిన పనికంటె కూలి లేక చేసిన పని గొప్పదని మనలో అందఱును ఒప్పుకొందురు. ఉత్సవమునకు వేయు పందిరిలో ఊరక వచ్చి ఒక రాట పాతినవానిని మెచ్చుకొందుము. అట్టి రాటనే రోజుకూలికి పాతినవానిని మెచ్చుకొనవలెనని తోచదు. రెండవవాని చేతులును అంతియే నొచ్చినవి; వాని రాటయు అంతియే గట్టిగా నిలిచినది. అయినను గౌరవము మొదటివానికే. ఇది యెందుచేత? కూలి తాకగానే పనిలోని పుణ్యము కరగిపోవునా? లేక పుణ్యమనునది కూలి యవసరము లేనివారికి మాత్రమే దొరకు విలాసమా?

ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. కాని దీనిని మన యిల్లు విడిచి దూరముగా, ఒక ఆట విషయమున, ఇంగ్లండులోని ఒక చిన్న పట్టణమున పరిశీలించుట మేలని నాకు తోచినది. తన యింటి తగవులో తాను న్యాయాధిపతి కాజాలడు. పొరుగింటి తగవు తీర్చునపుడు అందఱికిని న్యాయము తెలియును. అచ్చట తేలిన న్యాయమును పిమ్మట మన యింటికి తెచ్చుకొనవచ్చును.

ఆ పట్టణము పేరు రిచ్మండు. లండను నడిబొడ్డునకు పడమటగా ఎనిమిది తొమ్మిది మైళ్ళ దూరమున, థేమ్సు నది యొడ్డున నున్నది. ఏడవ హెన్రీ రాజు అచ్చట రాజభవనము కట్టించి, ఉత్తరదేశమందలి తన రిచ్మండు పేరునే దానికి పెట్టెను. మొదటి ఎలిజబెత్తు రాణి 1603లో ఆ భవనముననే కన్నుమూసినది. మొదటి చార్లెసు 1637లో చెంతనున్న భూములను చుట్టి గోడ పెట్టించి వేటతోటగా చేసికొనెను. తరువాతి కాలమున ఆ తోటలోని కాలిదారులను సయితము జనులకు మూసివేయగా, జాన్ లూయీ అను ఊరి వర్తకుడు, బీరు కాచి యమ్మువాడు, వ్యాజ్యము వేసి 1758లో దారి తెఱపించెను. ఊరి దారిని ఊరివాడే కాపాడుకొనిన కథ యిది. 1846లో రైలు వచ్చినది. రైలుతో పట్టణపు స్వభావమే మాఱినది. అంతకుముందు అచ్చట నివసించువారిలో పెక్కుమంది అచ్చటనే పనిచేయుచుండిరి. రైలు వచ్చిన పిమ్మట అచ్చట నిద్రించి లండనులో పనిచేయువారు పెరిగిరి. 1965లో ఆ పట్టణము మహాలండనులోనే చేరిపోయినది.

ఇట్టి పట్టణములలో మనుష్యుల సంబంధ మొక వింతగా నుండును. ఉదయము లండనుకు పోవు రైలు కొఱకు ఒకే చోట పదియేండ్లు నిలుచుండిన ఇరువురు ఒకరి పేరొకరు ఎఱుగకపోవచ్చును. పని యొకచోట, స్నేహితులు వేఱొకచోట, బంధువులు మఱొక జిల్లాలో. ఇల్లు మాత్రము ఇచ్చట. చలికాలమున తెల్లవాఱకముందే యిల్లు వదలి చీకటి పడిన పిమ్మట తిరిగివచ్చువానికి తన వీథి వెలుతురులో ఎట్లుండునో వారమున కైదు దినములు తెలియదు. 2020వ సంవత్సరపు మహమ్మారి తరువాత ఇంటనుండియే పనిచేయువారు పెరిగిరి. కాని తలుపు మూసికొని లండను పనినే చేసినంతమాత్రమున మనుష్యుడు ఊరివాడు కాడు. ఆ ప్రాంతపు ఇండ్ల వెలలు ఇంగ్లండులో మిక్కిలి హెచ్చైన వానిలోనివి. కావున ఆ యూర నుండు హక్కు వెలకు దొరకును. ఊరివాడగుట మాత్రము వెలకు దొరకదు.

ఆ దొరకని దానిని వెదకుకొను చోటులలో ఒకటి రగ్బీ సంఘము. రిచ్మండు రగ్బీ సంఘము 1861లో పుట్టినది. ఆ యాట యేమో తెలియని చదువరుల కొఱకు ఒక మాట చెప్పవలెను. పక్షమునకు పదునైదుగురు, కోడిగ్రుడ్డు వంటి బంతి, దానిని చేత పట్టుకొని పరుగెత్తవచ్చును. ఎదిరిపక్షమువారు మన చెడుగుడులో వలెనే పట్టుకొని పడవేయుదురు. కాని బంతిని చేతితో ముందుకు విసరరాదు. ప్రక్కకో వెనుకకో మాత్రమే అందింపవలెను. అనగా ముందుకు పోవువాడు తన వెనుక నొకడు వచ్చుచున్నాడను నమ్మకముతోనే పోవలెను. ఆట నియమములలో ఇంతటి నీతి ఇమిడియుండుట అరుదు.

ఆదివారము ఉదయము ఇంగ్లండులోని ఇట్టి సంఘముల మైదానములకు పోయి చూచినచో పిల్లలు గుంపులు గుంపులుగా బురదలో దొరలుచుందురు. వారికి ఆట నేర్పువారు తల్లిదండ్రులే. గీతలు గీయువారు, జెండా పట్టి గీత వెంబడి పరుగెత్తువారు, మోకాలు చీరుకొనినవానికి కట్టు కట్టువారు, టీ కాచువారు, చందాలు వసూలుచేసి లెక్క వ్రాయువారు, అందఱును ఊరక పనిచేయువారే. వారములో ఐదు దినములు తన కాలమును గంటకింతయని వెలకట్టి యమ్ముకొను న్యాయవాది, ఆఱవ దినమున గాని ఏడవ దినమున గాని వానలో నిలిచి, ఎవరి పిల్లవాని బూటు త్రాడునో ముడివేయుచుండును. ఐదు దినముల పనిలో వానికి దొరకని దేదో ఈ జీతము లేని పనిలో దొరకుచున్నదని వేఱుగ చెప్పనక్కఱ లేదు. రైలు వేదికమీద పదియేండ్లు తెలియని పొరుగువాని పేరు ఇచ్చట పది నిమిషములలో తెలియును.

ఇంతవఱకు చూచినచో కూలి లేని పనియే గొప్పదను మన పాత యభిప్రాయమే నిలుచునట్లు కనబడును. రిచ్మండు పెద్దలును ఒకప్పుడు అట్లే తలచిరి. ఆ తలంపు ఎచ్చటికి తీసికొనిపోయెనో చూతము.

1870 డిసెంబరులో రిచ్మండు సంఘమునకు చెందిన ఎడ్విన్ యాష్, బ్లాక్‌హీత్ సంఘమునకు చెందిన బెంజమిన్ బర్న్సు అనువారు టైమ్సు పత్రికలో ఒక లేఖ ప్రకటించిరి. సంఘమున కొక నియమముగా ఆడుచుండుటచే చిక్కులు కలుగుచున్నవి గనుక అందఱును కూడి ఒకే నియమావళి చేసికొనవలెనని దాని సారాంశము. 1871 జనవరి 26వ తేదీని 21 సంఘములవారు లండనులో సమావేశమై రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్‌ను స్థాపించిరి. యాష్ దాని మొదటి కార్యదర్శి. నియమావళిని వ్రాసిన ముగ్గురును న్యాయవాదులు. ముగ్గురును ఆ యాటకు పేరిచ్చిన రగ్బీ పాఠశాలలో చదివినవారు. వీరి వర్గమున కంతకును ఒక మతము కలదు: ఆట ఆటకొఱకే, ఆడి డబ్బు పుచ్చుకొనుట నీచము. ఇట్లు డబ్బు లేక ఆడువానిని అమెచ్యూరు అందురు. ఆ మాటకు మూలము ప్రేమించుట యను అర్థము గల లాటిన్ ధాతువు. ప్రీతిచే ఆడువాడు అమెచ్యూరు. జీతమునకై ఆడువాడు వేఱు. మాట యందముగానే యున్నది.

అయితే ఆ యాట దక్షిణపు దొరలయొద్దనే యుండిపోలేదు. ఉత్తరమున యార్కుషైరు, లంకాషైరు జిల్లాలలో నూలుమిల్లులలోను బొగ్గుగనులలోను పనిచేయువారు దానిని తమ యాటగా చేసికొనిరి. వారికి శనివారము సగము దినము పని. ఆటకై దూరపు ఊరికి పోవలసివచ్చినచో ఆ సగము దినపు కూలియు పోవును. వారు జీతము అడుగలేదు. ఆటవలన పోయిన కూలిని మాత్రము ఇప్పింపుడని యడిగిరి. 1893లో ఈ విషయము యూనియన్ మహాసభ ముందునకు వచ్చెను. 282 మంది వలదనిరి; 136 మంది వలెననిరి. 1895 ఆగష్టు 29వ తేదీని హడర్స్‌ఫీల్డు పట్టణమున ఇరువదికి పైగా ఉత్తరపు సంఘములు కూడి, విడిపోయి, వేఱొక యూనియన్ పెట్టుకొనిరి. పోయిన కూలికి బదులుగా రోజునకు ఆఱు షిల్లింగుల వఱకు ఇచ్చుటకు అంగీకరించిరి. నాటినుండి నూఱేండ్లు ఒకే యాటకు రెండు కులము లేర్పడినవి. ఉత్తరపు కులములో చేరి డబ్బు ముట్టినవానిని దక్షిణపు కులమువారు తమ మైదానములోనికి రానీయలేదు. వెలివేయుటలో మనకు మాత్రమే నైపుణ్యము కలదని తలచువా రీ చరిత్రను చదువవలెను.

ఇప్పుడు విచారింపుడు. లండను న్యాయవాది శనివారము ఆడినచో వానికి పోవునది ఏమియు లేదు. గని కూలివాడు ఆడినచో వాని యింటిలో ఒక పూట పొయ్యి వెలుగుట కష్టము. ఇరువురును డబ్బు లేకయే ఆడవలెనని శాసించుట సమానమైన శాసనము వలె కనబడును. కాని అది ఒకనియొద్దనుండి ఏమియు పుచ్చుకొనదు. రెండవవాని యొద్దనుండి అన్నము పుచ్చుకొనును. ప్రీతియను పేరు పెట్టి లేనివానిని తొలగించుటకు దానిని మించిన యుపాయము లేదు. తలుపు మూయకయే తలుపు మూసినట్లు.

మనలో కొందఱు దీనికి గీతలోని నిష్కామకర్మను సాక్ష్యముగా తెత్తురు. ఫలము కోరక పనిచేయవలెనని శాస్త్రము చెప్పుచుండగా ఆ పాశ్చాత్యులు చెప్పినదియు అదియే గదా యందురు. నాకు అట్లు తోచదు. నిష్కామమనగా ఫలమునం దాసక్తి విడుచుట. ఆకలి విడుచుట కాదు. మఱియు, ఇది ముఖ్యము, ఆ విడుపు ఎవడు తనకు తాను చేసికొనునో వానిదే. ఒకడు ఇంకొకని చేత విడిపించినచో దానికి నిష్కామమని పేరు లేదు. నేను ఏకాదశినాడు ఉపవాసముండుట వ్రతము. నా పాలేరుకు అన్నము పెట్టక మానుట వ్రతము కాదు. కడుపు రెండింటను ఖాళీగానే యున్నది. ఖాళీ చేసినవాడెవ్వడను దానియందే ధర్మాధర్మముల భేదము కలదు. త్యాగము ఉత్తమపురుషలో మాత్రమే చెల్లు క్రియ. దానిని విధ్యర్థమున వాడి యింకొకనికి ఆజ్ఞాపించినప్పు డది దోపిడి యగును.

ఈ యాటలో మన రూపాయలును కొన్ని కలిసియున్నవి. 1873లో కలకత్తాలోని ఇంగ్లీషువారు ఒక రగ్బీ సంఘము పెట్టుకొనిరి. కొన్నియేండ్లకే అది క్షీణించెను. మూయునపుడు నిలువలోనున్న సొమ్మును వారు పంచుకొనలేదు. 270 వెండి రూపాయలను కరగించి ఒక పాత్ర చేయించి 1878లో రగ్బీ యూనియనునకు సమర్పించిరి. మూడు నాగుపాములు దానికి పిడులు, మూతమీద ఏనుగు. 1879 మొదలు ఇంగ్లండు, స్కాట్లండు దేశములు దానికొఱకు ఆడుచున్నవి. కలకత్తా కప్పని దానికి పేరు. తమ సొమ్మును తాము పంచుకొనక ఆటకు అర్పించుట మెచ్చదగిన పనియే. దానిని నేను కాదనను. అది వారు తమకు తాము చేసికొనిన త్యాగము.

కాని ఆ రూపాయలు కరగిన కాలమును మఱచిపోరాదు. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమున మన పెద్దలు ధాత కఱవని చెప్పుకొనిన మహాక్షామము. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మిక్కిలి దెబ్బతినినవి. 1877లో సర్ రిచర్డు టెంపులు అను నధికారి కఱవుపనులలో రాళ్ళు మోయు మగవాని దినకూలిని ఒక పౌను ధాన్యమునకును ఒక అణాకును తగ్గింపించెను. ప్రభుత్వమునకు మితవ్యయము గొప్ప గుణము గదా! ఆ గుణమును ప్రభుత్వము తనయందు గాక ఆకలిగొన్నవారి యందు అలవఱుపబూనెను. కలకత్తా క్రీడాకారులు ఈ కఱవునకు కారకులని నే ననుట లేదు. నే ననున దింతియే: ఒక కాలమున, ఒక ప్రభుత్వపు నీడను, ఒకరు తమ రూపాయలను తామే విడిచిపెట్టిరి, వేఱొకరి చేత అణాలు విడిపింపబడినవి. మొదటిదానికి వెండి పాత్ర మిగిలినది. రెండవదానికి మిగిలినది లెక్కలలోని చావులు. ఈ రెండును విడుపులే యని యొకే పేరు పెట్టుట యెంత యసంగతమో ఇంతకంటె విశదముగా చూపజాలను.

మరల రిచ్మండునకు పోదము. 1895లో మూసిన తలుపు సరిగా నూఱేండ్లకు తెఱచుకొనెను. 1995 ఆగష్టులో పారిసులో కూడిన అంతర్జాతీయ రగ్బీ పెద్దలు ఇకమీదట ఆటకు డబ్బు పుచ్చుకొనవచ్చునని ప్రకటించిరి. అంతవఱకు ప్రీతియే సర్వమను సిద్ధాంతము. ఇప్పుడు డబ్బే సర్వమను సిద్ధాంతమునకు అవకాశము కలిగెను. 1996లో రాగి వ్యాపారమున ధనము గడించి మొనాకోలో నివసించు ఆష్లీ లెవెట్ అనునతడు రిచ్మండు సంఘమును కొనెను. బెన్ క్లార్కు, స్కాట్ క్విన్నెల్, అర్జెంటీనా దేశస్థుడైన పిషో మొదలగు ప్రసిద్ధులను పెద్ద జీతములమీద రప్పించెను. వీరిలో క్విన్నెల్ ఉత్తరపు కులమునుండి తిరిగివచ్చినవాడు. పాత నియమమే యుండినచో జీవితాంతము బహిష్కృతుడు. 1997లో సంఘము ఉన్నతశ్రేణి కెక్కెను. ఆట హెచ్చెను, పేరు హెచ్చెను, ఖర్చు అన్నిటికంటె హెచ్చెను. 1998లో జనమును టిక్కెట్లను వెదకుకొనుచు ముప్పది మైళ్ళ దూరముననున్న రెడింగు పట్టణపు పెద్ద మైదానమునకు ఆటను తరలించిరి. పేరు రిచ్మండే, ఊరు మాత్రము కాదు. 1999 ఆరంభమున ధనికుడు చేయి వెనుకకు తీసికొనెను. సంఘము దివాలా పడెను. ఆ వేసవిలో దానిని లండన్ ఐరిష్ అను వేఱొక సంఘములో, ఒకే మైదానమున ఆడుకొను లండన్ స్కాటిష్ సంఘముతో బాటు కలిపివేసిరి. నూటముప్పదియేండ్ల పైబడిన సంస్థ మూడేండ్లలో కాగితముమీది పేరైపోయినది.

ధనికుని తిట్టుట సులభము, న్యాయము కాదు. అతడు తన డబ్బును తానే పోగొట్టుకొనెను. క్రీడాకారులును తమకు తగిన జీతము పుచ్చుకొనిరి. తప్పు జీతమున లేదు. జీతము తప్ప వేఱొక ముడి లేకుండ సంఘమును కట్టుటలో కలదు. త్రాడు ఒక్కటే యైనప్పుడు అది తెగినచో మూట విడిపోవును.

కాని మూటలో నొక భాగము విడిపోలేదు. పేరు పోయినను కొందఱు మనుష్యులు మిగిలిరి. గీతలు గీయువారు, పిల్లలకు నేర్పువారు, పాత క్రీడాకారులు మరల కూడిరి. 2000వ సంవత్సరమున రిచ్మండు సంఘము జీతములు లేక, పోటీశ్రేణులలో అడుగుననున్న మెట్టు నుండి మరల మొదలుపెట్టెను. క్రమముగా మెట్లెక్కి 2016లో రెండవ శ్రేణికి చేరెను. అప్పటి క్రీడాకారులు పగలు ఉద్యోగములు చేసికొనుచు సాయంకాలము అభ్యాసము చేసినవారు. ఇంతలో దానిని మ్రింగిన పెద్ద సంఘము గతి యేమయ్యెను? 2022లో వూస్టరు సంఘము, 1867లో పుట్టి ఊళ్ళు మాఱి మాఱి కోవెంట్రీకి పోయిన వాస్ప్సు సంఘము అప్పులలో మునిగెను. 2023లో లండన్ ఐరిష్ సంఘమును అట్లే ఉన్నతశ్రేణి పోటీలనుండి తొలగింపబడెను. రిచ్మండును కలుపుకొనినది అప్పులపాలయ్యెను, కలుపబడినది బ్రతికియున్నది.

అట్లయినచో 1871 నాటి పెద్దలు చెప్పినదే సరియా? డబ్బు ముట్టరాదా? ఇచ్చట తొందరపడరాదు. అదే సంఘమునకు చెందిన స్త్రీల కథ వినవలసియున్నది.

1991లో ప్రపంచ స్త్రీల రగ్బీ పోటీ మొట్టమొదటిసారి వేల్సు దేశమున జరిగినది. దానిని నడిపినది ఏ ప్రభుత్వమును కాదు. అంతర్జాతీయ రగ్బీ పెద్దలు దానిని గుర్తింపనైన లేదు. డెబొరా గ్రిఫిన్, స్యూ డారింగ్టన్, ఆలిస్ కూపర్, మేరీ ఫోర్సైత్ అను నలుగురు రిచ్మండు సంఘపు స్త్రీలు, తమ ఉద్యోగములును సంసారములును చేసికొనుచునే, ఉత్తరములు వ్రాసి, చందా లడిగి, పండ్రెండు దేశములను రప్పించిరి. సోవియటు దేశపు స్త్రీలు చేత పైకము లేక, అమ్ముకొని ఖర్చులు గడుపుటకై వోడ్కాయు చేపగ్రుడ్లును మూటకట్టుకొని వచ్చిరి. కార్డిఫ్‌లో జరిగిన తుదియాటలో అమెరికా స్త్రీలు ఇంగ్లండు స్త్రీలను 19–6 తేడాతో ఓడించిరి. ఈ నలుగురి పని నిష్కామమని నేను నిస్సంశయముగా అందును; ఏలన వారిని ఎవరును ఆజ్ఞాపింపలేదు.

కాని వారి త్యాగమును పొగడి అచ్చట ఆగినచో వారికి అన్యాయము చేసినవార మగుదుము. తమ వెనుక వచ్చువారు తమవలెనే చందాలెత్తి ఆడవలెనని వారు పాటుపడలేదు. అట్లు ఆడవలసిన యవసరము లేకుండవలెననియే పాటుపడిరి. 2019లో ఇంగ్లండు యూనియను 28 మంది స్త్రీలకు పూర్తికాలపు జీతముల నిచ్చుట ప్రారంభించెను. సెలవు దొరకని దాదియు, అద్దె కట్టవలసిన కూలివాని కూతురును అప్పుడు గదా నిశ్చింతగా ఆడగలుగుట! 2025 సెప్టెంబరు 27వ తేదీని, రిచ్మండునకు నది కావలినున్న ట్వికెన్‌హామ్ మైదానమున, ఇంగ్లండు స్త్రీలు కెనడాను 33–13 తేడాతో గెలిచి ప్రపంచవిజేతలైరి. చూడవచ్చినవారు 81,885 మంది. ఆ సంవత్సరముననే డెబొరా గ్రిఫిన్ యూనియనునకు అధ్యక్షురాలయ్యెను. ఆ పదవిని పొందిన మొదటి స్త్రీ ఆమె. జీతము వచ్చినందున ఆ క్రీడాకారిణుల ప్రీతి తగ్గెనని చెప్పగలవా రెవ్వరు? ప్రీతి యున్నచోట జీతము దానికి అన్నము. ప్రీతి లేనిచోట జీతము దానికి బదులు. అన్నమును బదులును ఒకటి కావు.

ఈ చరిత్రవలన నాకు రెండు పరీక్షలు దొరకినవి. కూలి లేని పనిని చూచి మెచ్చుకొనబోవునపుడు మొదట అడుగవలసినది: ఈ విడుపును విధించిన దెవరు? పనిచేయువాడేనా, పనిచేయించుకొనువాడా? చేయువాడే యైనచో శిరసు వంచుదము. చేయించుకొనువా డైనచో ఆ పొగడ్త వలలోని గింజ. కూలిగల పనిని చూచి చులకన చేయబోవునపుడు అడుగవలసినది: ఈ కూలి ఆగిననాడు ఇచ్చట ఏమైన మిగులునా? మిగులునదేని, అది కూలికి మించిన పని. కూలి దానిని మైలపఱుపలేదు. ఏమియు మిగులనిచో ఎంత పెద్ద జీతమైనను ఆ పనిని నిలుపజాలదు.

మొదటి పరీక్షను రిచ్మండు మైదానమునకే నేడు పెట్టిచూచినను సందేహము పూర్తిగా తీఱదు. ఆదివారము ఊరక పనిచేయుటకు ఆదివారము తనదై యుండవలెను. అంగడిలో ఆదివారము నిలువవలసినవానికి, రాత్రి వైద్యశాలలో పనిచేసి ఉదయము నిద్రింపవలసినదానికి, లండను మేడలలో తెల్లవాఱుజామున నేల తుడుచువానికి ఆ పుణ్యము దొరకుట దుర్లభము. అందును వారిలో పెక్కురు ఆ వెలల ఊర నివసింపనే లేరు. 1895లో సగము దినపు కూలి యడ్డు. నేడు ఇంటి యద్దె యడ్డు. కావున ఊరక పనిచేయువారు తమ మంచితనమును చూచికొని మురియుటకు ముందు, తమ తీఱిక యెవరి పనిమీద నిలిచియున్నదో తలచుకొనుట యుక్తము. తలచుకొని, చందా తగ్గించియో, బూట్లు సమకూర్చియో, ఆటవేళ మార్చియో ఆ తలుపును మఱికొంత తెఱచినచో వారి ప్రీతి నిజమైనదగును.

పొరుగింటి తగవు తీఱినది; ఇక మన యింటికి వత్తము. నేను బడిపంతులను. పురాణకాలము మొదలుకొని మాకు దొరకుచున్న బిరుదము విద్యాదాత. దానములలో విద్యాదానము గొప్పదని సభలలో మాకు శాలువలు కప్పుదురు. ఆ సభలోనే, జీతము చాలదనిన యువకుడైన ఉపాధ్యాయునితో, పవిత్రమైన వృత్తిలో నుండి డబ్బు మాట యేల అను పెద్దలును కలరు. ఆ యువకుడు పాఠశాల విడిచిన పిమ్మట ఒక బీదపిల్లవానిని కూర్చుండబెట్టుకొని ఒక గంట ఊరక చదువు చెప్పునేని అది దానము. వాని జీతములో కొంత తగ్గించి దానికి విద్యాదానమని పేరు పెట్టినచో, ఇచ్చినవాడు వాడు, పుణ్యము వ్రాసికొనువాడు వేఱొకడు. పంతులకే కాదు, దాదులకు, అంగన్‌వాడీ పనివారికి, ఇంటిపని చేయు తల్లులకు, సేవయను నందమైన మాట వినబడిన ప్రతిచోటను ఈ మోసము పొంచియుండును. సేవ చేయువాడు ఆ మాట తనను గూర్చి చెప్పికొనవచ్చును. చేయించుకొనువాని నోట ఆ మాట వినబడినప్పుడు జాగ్రత్తపడవలెను.

అట్లని ప్రతి పనికిని వెల కట్టుడని నే ననను. వెల కట్టిన దానితోనే బ్రతికెదమనినవారి గతి రెడింగు మైదానమున తెలిసినది. పందిరికి రాట పాతుటలో ఇంతవఱకు మనము చేసిన తప్పు ఊరక పాతినవానిని గౌరవించుట కాదు. కూలికి పాతినవానిని గౌరవింపకుండుట. వాని కూలి వానికి సకాలమున నిండుగా ఇచ్చి చూడుడు. పని ముగిసి యింటికి పోవుచు, ప్రక్కన వంగియున్న రాటను చూచి, ఎవరును చెప్పకయే వాడు దానిని సరిచేసి పోవునేమో! అప్పుడు వాడు చేసినది దానము.